బత్తాయి తోటలో గొంతు

వనపర్తిలో బత్తాయి తోట ఎక్కడుందని పగటిపూట అడిగితే ఎవరైనా చెబుతారు. పొద్దుగూకాక అడిగి చూడండి... గడ్డం అటు ఎత్తి, "ఇప్పుడెందుకు గాడికి?" అని మిమ్మల్నే ఎదురడుగుతారు.

పేరుకే తోట. బత్తాయి చెట్టన్నది ఒక్కటి లేదు. ఒకవైపు ఫంక్షన్ హాలు, మిగతా వైపుల ఇళ్ళ మీద ఇళ్ళు. వాటి నడుమ నాలుగెకరాల చీకటి. చుట్టూ సిమెంటు పలకల గోడ. లోపల నడుం దాకా గడ్డి, సర్కారు తుమ్మ, ఎక్కడెక్కడో కూలగొట్టిన ఇళ్ళ రాళ్ళూ ఇటుకలూ తెచ్చి పోసిన కుప్పలు. ఊరంతా లైట్లతో వెలుగుతుంటే ఆ ఒక్క జాగా పన్ను ఊడిన చోటులా నల్లగా ఉంటుంది.

రాత్రిళ్ళు అక్కడ మోటరు నడుస్తుందంటారు. కరెంటు తీగలు తెంపేసి ఏళ్ళయింది. స్తంభాలు కూడా పీకేశారు. అయినా కొన్ని రాత్రులు — సన్నగా మొదలై, బుయ్‌మంటూ, ఆగకుండా... వినిపిస్తుంది.

ఒక ఎండాకాలం తాగిన మైకంలో ఒకతను గోడ సందులోంచి లోపలికి పోయాడు. తెల్లారి చూస్తే తోట నడుమ గొంతుకూర్చుని ఉన్నాడు. "కాలువల నీళ్ళు పారుతున్నయి. దాటనీకి రాలే," అన్నాడు. అక్కడ కాలువ పూడిపోయి ఎన్నేళ్ళయిందో. కానీ అతని ప్యాంటు మోకాళ్ళ దాకా బురదే.

వీటన్నిటికంటే చెడ్డమాట ఇంకొకటి ఉంది. లోపలికి పోయినవాళ్ళకు వచ్చిన దారి మళ్ళీ కనపడదట. గోడ పట్టుకుని నడుస్తూనే ఉంటారట... ఆ గోడ అయిపోదట.

ఈ సంగతి జరిగింది రెబెకాకు. దవాఖానలో నర్సు ఆమె. ఉన్నదానికి ఇంకొంత చేర్చి చెప్పే మనిషి కాదు. ఆమె నోట విన్నవాళ్ళు నాకు ఎట్లా చెప్పారో అట్లాగే చెబుతున్నాను.

రెబెకాకు మొదట్లో ఆ తోటంటే భయం లేదు. పసితనంలో ఆమె చీర ఊయలలో ఊగింది అక్కడి చెట్ల కిందనే. తండ్రి బొంబాయి పనులకు పోతే, తల్లి ఏసమ్మ ఆ తోటలో కలుపు తీసి పిల్లను సాకింది.

తోట కురుమయ్యది. అతని తండ్రి నాడు అది ఊరికి దూరంగా ఉన్న ఎర్రచెలక. ఆ పెద్దాయన గొర్రెల మందలు పెట్టించి నేలకు బలం పోశాడు. గడ్డపారలతో మోటబావి తవ్వించాడు. పల్లి వేశాడు. ఎద్దుల మోట పోయి ఆయిలింజను వచ్చింది, ఇంజను పోయి కరెంటు మోటరు వచ్చింది. కురుమయ్య చేతికి వచ్చాక బత్తాయి మొక్కలు పెట్టాడు.

చెట్లు కాపుకొచ్చే నాటికి ఊరు నడుచుకుంటూ వచ్చింది. మొదట రోడ్డు వచ్చింది. తరవాత పక్క చేన్లు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. ఫంక్షన్ హాలు లేచింది. కురుమయ్య మాత్రం అమ్మలేదు. "ఊరొచ్చి నా పక్కల కూసుంటే, నేనెక్కడికి పోత?" అనేవాడట. పెళ్ళి పాటలు మైకులో మోగుతుంటే వింటూ చెట్లకు నీళ్ళు కట్టేవాడు.

ఆ రోజుల్లో బావులకు కరెంటు రాత్రిళ్ళే ఇచ్చేవారు. ఒక వాన రాత్రి మోటరు వెయ్యడానికి కురుమయ్య బావిలోకి దిగాడు. స్టార్టరు డబ్బా తడిసి ఉంది... తెల్లారి జనం పోయి చూస్తే బావి లోపలి గట్టు మీద ఒరిగి ఉన్నాడు. మనిషి చల్లబడ్డాడు. మోటరు మాత్రం నడుస్తూనే ఉంది.

తోటలోనే ఒక మూల సమాధి కట్టారు. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి చెట్లన్నీ ఎండిపోయాయి. వనపర్తి జిల్లా అయ్యాక కొడుకులు ఆ భూమిని వెంచరు వాళ్ళకు అమ్మేశారు. వాళ్ళు చుట్టూ గోడ పెట్టారు, లోపల ప్లాట్లకని అడ్డగోడలు పెట్టారు. అంతలోనే వాళ్ళలో వాళ్ళకు చెడింది. ఎక్కడి పని అక్కడే ఆగింది. అప్పటినుంచే తోటకు ఈ దెయ్యాల పేరు.

"కురుమయ్యన్న బతికున్నప్పుడే ఎవల మీద గొంతెత్తలే. సచ్చినంక ఎత్తుతడా?" అనేది ఏసమ్మ.

అట్లా అనేదే గానీ, పొద్దుగూకితే ఆమె కూడా ఆ గోడ పక్కనుంచి నడిచేది కాదు.

శ్రావణమాసం. పగలంతా ముసురు పట్టి సాయంత్రానికి తెరిపిచ్చింది. రెబెకా డ్యూటీ దిగి ఇంటికి నడిచి వస్తోంది. ఫంక్షన్ హాల్లో ఎవరిదో పెళ్ళి. బరాత్ రోడ్డంతా నిండిపోయింది — డీజే బండి, దాని ముందు పిల్లలు, వాళ్ళ వెనక ఆగిపోయిన ఆటోలు. ఇంకో సందులోంచి పోదామంటే పైపులకని తవ్వి పెట్టారు. గుంత నిండా వాననీళ్ళు.

ఆమె ఇల్లు తోటకు అవతలి వైపు. ఎదురుగా గోడలో రెండు పలకలు పడిపోయి, మనిషి పట్టేంత సందు ఉంది.

లోపల గడ్డిలో సన్నటి బాట కూడా కనిపిస్తోంది. పగలు మేకలు అవతలి గోడ సందు దాకా పోయే బాట. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని తిరిగిన నేల ఇది, దీనికేం భయం అనుకుంది. చీర కొంగు దోపుకుని, బ్యాగు చంకన బిగించి — దూరింది.

సగం దూరం బాగానే పోయింది. వెనక డీజే దబదబమంటూనే ఉంది. ఎదర కాలనీ ఇళ్ళ లైట్లు కనబడుతూనే ఉన్నాయి.

ఉన్నట్టుండి కరెంటు పోయింది.

ముందు ఇళ్ళు పోయాయి, వెనక రోడ్డు పోయింది, డీజే మధ్యలో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. చెయ్యి ముఖం ముందు పెట్టుకున్నా కనపడని చీకటి. తడిసిన గడ్డి వాసన. ఎక్కడో కప్ప ఒకటి అరిచి, అదీ ఊరుకుంది.

రెబెకా ఫోను తీసింది. పొద్దుటినుంచి చార్జింగు పెట్టలేదు. టార్చి వెలిగింది... రెండడుగుల గడ్డిని చూపించింది... ఆరిపోయింది.

"ఏం కాదు," అని తనకు తానే పైకి చెప్పుకుంది. "వెనక్కి పోతే సరి."

తిరిగి నడిచింది. కాసేపటికి చేతికి గోడ తగిలింది. హమ్మయ్య అనుకుని, పలకలను తడుముతూ సందు కోసం పక్కకు జరిగింది. పలక... పలక... మూల. మూల తిరిగింది. మళ్ళీ పలక... పలక... ఇంకో మూల.

సందు లేదు.

ఇటు కాదేమో అని వెనక్కి తడుముకుంటూ వచ్చింది. మూల వచ్చింది. మళ్ళీ పలక. ఇంకో మూల. చల్లటి సిమెంటు మీద నాచు అరచేతికి జారుతోంది. ఏ పలకా ముందు ముట్టుకున్న పలకలా అనిపించడం లేదు... అన్నీ అదే పలకలా కూడా ఉన్నాయి.

ఊళ్ళో అనుకునే మాట అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. గుర్తు రాకుండా ఉంటే బాగుండు అనుకుంది.

అంతలో వినిపించింది.

బుయ్‌మని... సన్నగా మొదలై... పెరిగి... ఆగకుండా.

రెబెకా వీపును గోడకు ఆనించింది. కాళ్ళ కింద నేల కూడా ఆ సప్పుడుకు వణుకుతున్నట్టే ఉంది. "యేసయ్యా..." అంది.

గోడ అవతల కాలనీ ఇళ్ళ మిద్దెల మీద మాటలు వినపడ్డాయి. కరెంటు పోతే గాలికని జనం పైకి వచ్చారు. ఒక మిద్దె మీద చార్జింగు లైటు కదిలింది. ఆ ఇల్లు ఆమెకు తెలుసు. జంగయ్యది. నెలనెలా దవాఖానకు వచ్చి ఆమె చేతుల మీదుగానే బీపీ గోళీలు తీసుకుపోయే మనిషి.

ప్రాణం లేచి వచ్చింది ఆమెకు.

"జంగయ్య మామా... ఓ మామా."

మిద్దె మీద మాటలు టక్కున ఆగాయి.

"మామా, నేను లోపల ఇరుక్కున్న. జర లైటు ఇటు పట్టు."

చార్జింగు లైటు ఆరిపోయింది.

"మామా, నేనే. రెబెకాను. దవాఖానల నీకు బీపీ గోళీలు ఇచ్చే రెబెకాను."

పైన ఎవరో ఆడమనిషి గుసగుసగా అంది — ఆ బుయ్‌మన్న సప్పుడులో కూడా ప్రతి మాటా కిందికి వినపడింది — "పేరు గూడ చెప్తుంది సూడు... లోపటికి నడువుండ్రి. కిటికీలు పెట్టుండ్రి."

దబదబ అడుగులు. ఒక తలుపు. ఇంకో తలుపు. గొళ్ళేల సప్పుడు. తరవాత గోడ మీదుగా ఏదో ఎగిరి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది. భయంతో వంగి తడిమింది. చీపురుకట్ట.

ఇంకో రోజయితే ఆమెకు నవ్వు వచ్చేదే. అప్పుడు మాత్రం రాలేదు. తను బతికే ఉంది. నోరు తెరిచి, పేరు చెప్పి పిలుస్తోంది. అవతలివాళ్ళకు అది మనిషి గొంతులా వినపడడం లేదు. తెల్లవార్లూ పిలిచినా ఈ గోడ అవతల ఎవరూ పలకరు. తెల్లారాక మాత్రం, రాత్రి తోటలో ఆడదెయ్యం కూడా అరిచిందని చెప్పుకుంటారు.

కూలబడింది. మోకాళ్ళలో ముఖం పెట్టుకుంది.

అప్పుడు... లోపలినుంచి...

"ఎవరన్న ఉన్నరా..."

మగ గొంతు. పెద్దవయసు గొంతు. అరుపు కాదు. పొలంలో ఈ గట్టునుంచి ఆ గట్టుకు పిలిచినట్టు, నిదానంగా, సాగదీసి.

రెబెకా మోకాళ్ళలోంచి తల ఎత్తింది.

"ఎవరన్న ఉన్నరా... పిలగాడు పడ్డడు... జర సూడుండ్రి..."

చెవులు మూసుకుంది. మూసుకున్నా వినపడింది. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. పట్టుదల మాత్రం ఉంది. ఒకటే మాట. ఆగి... మళ్ళీ అదే మాట.

సరిగ్గా అప్పుడే ఫంక్షన్ హాలు వెలిగింది. పచ్చవీ ఎర్రవీ సీరియల్ లైట్లు గోడ పైనుంచి గడ్డి మీదికి పాకాయి. అప్పుడు అర్థమైంది ఆమెకు — బుయ్‌మంటున్నది మోటరు కాదు, హాలు వెనక జనరేటరు; లైట్లు దానికి కలపడమే ఆలస్యమైంది. పెళ్ళి ఉన్న రాత్రి కరెంటు పోయినప్పుడల్లా ఊరు విన్నది దీన్నే.

ఆ మసక వెలుతురులో తనెక్కడ ఉందో కూడా కనపడింది. వెంచరు వాళ్ళు ప్లాటుకని కట్టిన అడ్డగోడల మధ్యకు చీకట్లో వచ్చి చేరింది. ఒకవైపు తెరిచే ఉంది. తడిమినంతసేపూ అటు పోకుండా మూడు గోడల మధ్యే తిరిగింది. ఆ తెరుపు అవతల, దూరంగా... తను దూరి వచ్చిన సందు. దాని వెనక రోడ్డు, మనుషులు, ఆటో హారన్లు.

లేచి పరుగెత్తింది. గడ్డి కాళ్ళకు చుట్టుకుంటోంది. సందు దగ్గరికి వచ్చేసింది. పలక మీద చెయ్యి వేసింది. ఒక కాలు బయట పెట్టింది కూడా.

"పిలగాడు పడ్డడు..."

ఆగిపోయింది.

మోటరు దెయ్యం కాదని తేలింది. ఆ గోడ మాయా ఏమిటో తేలింది. మరి ఈ గొంతు? తను పిలిస్తే దెయ్యమని కిటికీలు వేసుకున్నారు కదా... ఈ మనిషి పిలిచినా అట్లాగే వేసుకున్నారేమో. తనిప్పుడు బయటికి పోవడం కూడా అట్లా కిటికీ వేసుకోవడమేనేమో.

లోపల పిల్లవాడు ఎవరో పడ్డాడంట.

భయం పోలేదు ఆమెకు. ఈ మాట ఆమే చెప్పింది. భయపడుతూనే కాలు వెనక్కి తీసుకుంది.

"ఎక్కడ?" అని అరిచింది. "ఎక్కడ పడ్డడు?"

కాసేపాగి మళ్ళీ అదే మాట, ఇంతకుముందులాగే. గొంతు వచ్చిన వైపు నడిచింది. రాళ్ళ కుప్పలు దాటింది. తుమ్మముల్లు చీరను పట్టి చింపింది. ఒకచోట గడ్డి చదునుగా వంగి ఉంది, దాని మీద తుప్పు పట్టిన రేకులు. ఒక రేకు మధ్యలో విరిగి లోపలికి వేలాడుతోంది.

మోటబావి. దాన్ని పూడ్చేశారనే ఊరు అనుకుంది. సగమే పూడ్చి, పైన రేకులు పరిచారు.

అంచున మోకాళ్ళ మీద వంగి చూసింది. లైట్ల రంగులు బావి గోడల మీద ఆడుతున్నాయి. అడుగున రాళ్ళ కుప్ప మీద ఒక మనిషి. వెల్లకిలా. ఒక కాలు వంగకూడని వైపుకు వంగి ఉంది.

"ఓ అన్నా. పిలగాడు ఎక్కడ?"

ఆ మనిషి కదల్లేదు.

బావి గోడలోంచి పొడుచుకు వచ్చిన రాతిమెట్లు ఇంకా ఉన్నాయి. చిన్నప్పుడు వాటి మీద కూర్చోవద్దని తల్లి తిట్టేది. బ్యాగు భుజాన వేసుకుని, గోడను కరుచుకుని దిగింది. చివరి మెట్టు ఆమె బరువుకు ఊడి కింద పడింది. ఆమె కూడా దానితోపాటే జారి పడింది. మోచేయి చీరుకుపోయింది. తల ఎత్తి చూస్తే పై మెట్టు చేతికి అందనంత ఎత్తులో ఉంది. ఇక ఆమెకు కూడా పైకి ఎక్కే దారి లేదు.

చుట్టూ ఎత్తుగా రాతిగోడ. పైన రంగులు మారే ఆకాశం ముక్క. వాననీళ్ళు ఎక్కడినుంచో టిక్కుటిక్కుమని కారుతున్నాయి.

ఆ మనిషి మెడ మీద వేళ్ళు పెట్టింది. నాడి ఉంది... దారంలా సన్నగా. ఒళ్ళు కాలిపోతోంది. తలకు దెబ్బ తగిలి, నెత్తురు కట్టి ఎండిపోయింది. నలభై దాటిన మనిషి, చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు.

"బాబూ..." అని పిలుస్తూ ఆ మూలా ఈ మూలా వెతికింది. నీళ్ళున్న గుంతలో చెయ్యి మోచేతి దాకా పెట్టి కెలికింది. రాళ్ళ సందుల్లో తడిమింది. పిల్లవాడు లేడు.

అప్పుడు తోచింది ఆమెకు. తను బావిలోకి దిగినప్పటినుంచి గొంతు వినపడడం లేదు.

దాని గురించి ఆలోచించలేదు. ఆలోచిస్తే చేతులు ఆడవని ఆమెకు తెలుసు. పడ్డ మనిషి జేబులో ఫోను ఉంది. అద్దం పగిలినా వెలిగింది. అమ్మ, అమ్మ, అమ్మ... అన్నీ ఎత్తని ఫోన్లే. దాన్ని తెరవడానికి నంబరు తెలియదు, అయినా నూట ఎనిమిదికి పోతుంది. పోయింది. ఫోను ఎత్తిన అమ్మాయికి జాగా చెప్పింది. "బత్తాయి తోట... అవును, అదే... లోపల బావి. నేను నర్సును. మనిషి బతికే ఉన్నడు."

తరవాత అతని తలను కదలకుండా పట్టుకుని కూర్చుంది. బ్యాగులో సీసా తీసి పెదవులు తడిపింది. ఆమె చెయ్యి నుదుటి మీద పడగానే అతను మొదటిసారి కళ్ళు తెరిచాడు. చాలా లోతునుంచి పైకి వచ్చినవాడిలా చూశాడు.

"నీళ్ళు..." అన్నాడు.

ఎంతసేపు అట్లా కూర్చుందో ఆమెకు తెలియదు. మళ్ళీ ఎవరైనా పిలుస్తారేమోనని చెవులు అటే పెట్టి కూర్చుంది. ఎవరూ పిలవలేదు. చివరికి సైరన్ వినపడింది.

సైరన్ వస్తే కిటికీలు తెరుచుకున్నాయి. టార్చి లైట్లు గోడ దాటాయి. బావి అంచు మీద ఒక్కొక్క తలా కనపడింది. అందులో ఒకటి జంగయ్యది.

"నువ్వు..." అని నసిగాడు. "నువ్వు మనిషివేనా?"

"మనిషినే మామా. తాడు తెండ్రి. ఇంకెవరో పిలగాడు గూడ పడ్డడు, వెతకుండ్రి."

పిలగాడనే మాట వినగానే జంగయ్య ముఖం తెల్లబోయింది. పైకి లాగాక, అందరూ అంబులెన్సు చుట్టూ ఉండగా, ఆమె పక్కకు వచ్చి నిలబడి నెమ్మదిగా చెప్పాడు. "నిన్న రాత్రంత ఇన్నం బిడ్డా. కాలనీ అంత ఇన్నది. పిలగాడు పడ్డడు, పిలగాడు పడ్డడు అని. దెయ్యం మా పిల్లగాండ్లను పిలుస్తుందనుకున్నం. లోపల పండుకోబెట్టి తలుపులు పెట్టుకున్నం."

రెబెకా మోచేతికి కొంగు చుట్టుకుని అంబులెన్సు ఎక్కింది.

అగ్నిమాపక బండి వచ్చింది. జేసీబీ తెచ్చారు. రాళ్ళు ఒక్కొక్కటే తీస్తూ, గడ్డిని కర్రలతో కొడుతూ పిల్లవాడి కోసం వెతకడం మొదలుపెట్టారు. ఇందాక చీపురు విసిరిన మిద్దె మీదినుంచే ఇప్పుడు లైట్లు పట్టారు. తెల్లారేవరకూ వెతికారు.

దవాఖానలో తెలిసింది ఆ మనిషి ఎవరో. నిరంజన్. కురుమయ్య చిన్నకొడుకు. కల్వకుర్తిలో విత్తనాల దుకాణం నడుపుకుంటున్నాడు. తోట అమ్మినప్పటినుంచి ఇటు రాలేదు. మళ్ళీ పని మొదలుపెట్టి నేల చదును చేస్తారని తెలిసి, ఆలోపు ఒకసారి తండ్రి సమాధి చూసుకుందామని ముందురోజు సాయంత్రం వచ్చాడు. గడ్డిలో రేకుల మీద కాలు పెట్టాడు. అంతే.

ఉదయానికి తల్లి వచ్చింది. భీమమ్మ. కొడుకు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అతని చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కాలికి కట్టు కట్టారు, తలకు కుట్లు వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు.

రెబెకా ఇంటికి పోలేదు. మోచేతికి తనే కట్టు కట్టుకుని, ఫోనుకు కాస్త చార్జింగు పెట్టుకుని వార్డులోకి వచ్చింది. జంగయ్య అప్పటికే ఎన్నోసార్లు ఫోను చేశాడు. పిలగాడు ఎంత ఉంటాడు, ఏం అంగీ వేసుకున్నాడు, అడిగి చెప్పమని.

"అన్నా," అంది మంచం దగ్గర వంగి. "నీతోని వచ్చిన పిలగాడు ఎవరు?"

నిరంజన్ అర్థం కానట్టు చూశాడు. "నాతోనా? ఎవరు లేరు చెల్లే. ఒక్కణ్ణే వచ్చిన."

"మరి పిలగాడు పడ్డడని పిలుస్తుంటివి గద?"

"నేనెక్కడ పిలిచిన? పడంగనే సోయి తప్పింది. కండ్లు తెరిచేసరికి నువ్వు నా నుదుటి మీద చెయ్యి పెట్టినవు. నడుమ ఏం తెల్వదు నాకు."

రెబెకా చేతిలో ఫోను మళ్ళీ మోగింది. జంగయ్య. ఎత్తలేదు.

"కాలనీ అంత ఇన్నదంట అన్నా... మొన్న రాత్రంత. నేను గూడ ఇన్న. ఆ మాట ఇనే బావి దాక వచ్చిన."

అతను తల అడ్డంగా ఊపాడు. తల్లివైపు చూశాడు.

భీమమ్మ అప్పటిదాకా కిటికీవైపే చూస్తోంది. నెమ్మదిగా ఇటు తిరిగింది.

"ఆ గొంతు ఏమన్నది, బిడ్డా?" అని అడిగింది. "ఎట్లన్నదో గట్లనే చెప్పు."

రెబెకా చెప్పింది. ఎవరన్న ఉన్నరా, పిలగాడు పడ్డడు, జర సూడుండ్రి... ఈ గట్టునుంచి ఆ గట్టుకు పిలిచినట్టు, నిదానంగా, సాగదీసి.

ముసలామె కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక కొడుకు నెరిసిన చెంప మీద చెయ్యి వేసింది.

"వీనికి పేరు పెట్టింది నేనే," అంది. "వాళ్ళ నాయిన నోట మాత్రం ఒక్కనాడు ఆ పేరు రాలే. పెండ్లయింది, పిల్లలు పుట్టిండ్రు. అయినా ఆయనకు వీడు పిలగాడే. పిలగాడు తిన్నడా... పిలగాడు ఇంటికొచ్చిండా... గదే మాట."

రెబెకా చేతిలో ఫోను ఆగి, మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.

"ఫోను ఎత్తు బిడ్డా," అంది భీమమ్మ. "ఎతికేటోళ్ళను ఇంక చాలించమను. పిలగాడు దొరికిండని చెప్పు."